మహారాణిపేట సందులో టార్పాలిన్ కింద ఒక పాత కారు... ఏ కారో చెప్పండి మాస్టార్లూ

బీచ్‌రోడ్ బాబ్జీ:

అందరికీ నమస్తే. ఇక్కడ పాత బళ్ళ గురించి తెలిసిన పెద్దోళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మన విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రికి కలెక్టరాఫీసుకి మధ్య సందుల్లో ఒక పాత పెంకుటింటి కాంపౌండ్‌లో ఒక కారు ఉంది, టార్పాలిన్ కప్పారు గానీ మొన్నటి గాలికి సగం లేచిపోయి ముందు భాగం, ఎడమ పక్క మొత్తం కనిపిస్తున్నాయి. గేటు బయట నుంచే చూశాను, ఫోటో తియ్యలేదు, ఎవరింట్లోకో ఫోన్ పెట్టి తీస్తే బాగోదు కదా.

చూసింది చూసినట్టు చెప్తాను. అంబాసిడర్ కంటే బాగా చిన్నది, పద్మిని అంత ఉంటుందేమో, కొంచెం సన్నంగా ఉంది. నాలుగు తలుపులు. లేత నీలం రంగు, ఇప్పుడు సున్నం కొట్టినట్టు అయిపోయింది. వెనక మడ్‌గార్డులు చివరికొచ్చేసరికి కొంచెం కోసుగా పైకి లేచాయి. నాకు విచిత్రంగా అనిపించింది ఏంటంటే బానెట్‌కి, ముందు మడ్‌గార్డుకి మధ్య గీత లేదు, రెండూ ఒకే రేకు. ఆ రేకు తలుపు దగ్గర ఆగేచోట, కింద వైపు, ఒక చిన్న క్రోమ్ హ్యాండిల్ లాంటిది ఉంది, అది దేనికో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. పేరు అక్షరాలన్నీ ఊడిపోయాయి, వాటి బొక్కలు మాత్రం మిగిలాయి. నంబర్ ప్లేటు నల్లది, తెల్ల అక్షరాలు, ఏపీవీ అని మొదలు. పూర్తి నంబర్ ఇక్కడ పెట్టట్లేదు.

మా నాన్న ఫియట్ అంటున్నారు. మా బావ ఏమో ఫారిన్ కారు, షిప్పులో దిగింది అంటున్నాడు, మనూళ్ళో అర్థం కాని ప్రతి వస్తువూ షిప్పులోనే దిగుతుంది లెండి. ఏం కారు ఇది? ఇంకో మాట, వెళ్ళి ఆ ఇంటివాళ్ళని అడగొచ్చా? కొనాలని అయితే ఇంకా అనుకోలేదు, ముందు ఏంటో తెలిస్తే చాలు.

ఫియట్ బాబాయ్:

నాన్నగారి మాట కొట్టిపారెయ్యకు బాబూ. వెనక కోసులు, పద్మిని అంత సైజు, నాలుగు తలుపులు అంటున్నావు, ఇవన్నీ ఫియట్ 1100 డిలైట్‌కి సరిపోతాయి, మనకి 1964 నుంచి వచ్చిన మోడల్ అది, దానికే 1970ల మధ్యలో పద్మిని అని పేరు పెట్టారు. ఇంజిన్ 1089 సీసీ, గేరు స్టీరింగ్ పక్కనే. ఈసారి వెళ్తే ముందు తలుపు కీలు ఎటు ఉందో చూడు. 1950ల ఫియట్లకి ముందు తలుపు కీలు మధ్య స్తంభానికి ఉండేది, అంటే తలుపు ఎదురు దిక్కుగా తెరుచుకుంటుంది, చీర కట్టుకున్నవాళ్ళు దిగడానికి హాయిగా ఉండేది గానీ నడుస్తుండగా గడియ ఊడితే గాలికి మొత్తం తెరుచుకుపోతుంది, అందుకే తర్వాత మార్చేశారు. అలాంటిది అయితే మాత్రం అది డిలైట్ కంటే పాతది, చాలా అరుదు.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఫియట్‌కీ మన విశాఖకీ చుట్టరికం ఉంది. 1941లో ఇక్కడ సింధియా షిప్‌యార్డుకి పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచందే 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టాడు. జల ఉష ఓడని 1948లో నెహ్రూ గారు ఇక్కడ నీళ్ళలోకి దింపారు చూడండి, ఆ ఓడ కట్టించిన యజమాని పెట్టిన కంపెనీయే బొంబాయిలో డాడ్జిలు, ప్లిమత్‌లు బిగించి, తర్వాత ఫియట్లు చేసింది. షిప్‌యార్డు సర్కారు చేతికి పోయి ఇన్నేళ్ళయినా కండక్టర్లు సింధియా సింధియా అనే అరుస్తారు, ఆ పేరు ఎక్కడిదో ఎంతమందికి తెలుసు?

వన్‌టౌన్ వీరుడు:

లొకేషన్ పిన్ పంపు గురూ. మా ఫ్రెండ్ పాత కార్లు కొంటాడు, క్యాష్.

పాత స్పానర్:

ఫియట్ కాదు బాబాయ్. బానెట్టూ మడ్‌గార్డూ ఒకే రేకు అన్నాడు, తలుపు ముందర క్రోమ్ హ్యాండిల్ అన్నాడు, ఇంకేటి కావాలి. స్టాండర్డ్ హెరాల్డ్ అది. కళ్ళు మూసుకుని చెప్పీగలను.

ఆ హ్యాండిల్ దేనికంటే బానెట్ గడియ. అటొకటి ఇటొకటి ఉంటాయి. రెండూ లాగీసి, వెనక అంచు పట్టుకుని పైకెత్తితే బానెట్టు, రెండు మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా మొత్తం ముఖమంతా ముందుకి ఒరిగిపోద్ది. కీళ్ళు ముందు బంపర్ దగ్గర ఉంటాయి మరి. అప్పుడు ఇంజిను, ముందు చక్రాలు, స్టీరింగ్ ర్యాకు, సస్పెన్షను అన్నీ నీ ఎదర బయల్లో ఉంటాయి. చక్రం మీద కూర్చుని ట్యాపెట్లు ఎడ్జస్ట్ చేసీవోళ్ళం, నడుం వంచక్కర్లేదు. అంబాసిడర్ మీద పనిచేసి వొచ్చి దీనిమీద చెయ్యేస్తే సెలవు దొరికినట్టు ఉండీది.

అసలు ఇది ఇంగ్లాండులో ట్రయంఫ్ హెరాల్డ్, 1959లో వొచ్చింది, గీసినోడు ఇటలీ ఆయన, మికెలోట్టి. మద్రాసు దగ్గర వండలూరులో స్టాండర్డ్ కంపెనీవోళ్ళు 1961 నుంచి ఇక్కడ చేశారు. ఇంజిన్ 948 సీసీ, వాళ్ళ స్టాండర్డ్ టెన్‌లో ఉన్నదే. ఆ రోజుల్లో మిగతా కార్లన్నీ చాసీ, అంటే కింద ఇనప చట్రం, లేకుండా బాడీయే చాసీగా చేస్తుంటే దీనికి మాత్రం వేరే చాసీ పెట్టారు, ఎందుకంటే బాడీ మొత్తం ఒకే గుండుగా ప్రెస్ చేసి ఇచ్చీ కంపెనీ ట్రయంఫోళ్ళకి దొరకలేదు, అందుకని ముక్కలు ముక్కలుగా చేయించుకుని బోల్టులతో బిగించీసుకున్నారు. గత్యంతరం లేక చేసిన పని, మాలాంటోళ్ళకి మాత్రం వరం అయిపోయింది, ఏ ముక్క పాడైతే ఆ ముక్క ఊడదీసి బాగు చేసీయడమే.

నాలుగు తలుపులు అన్నావు కాబట్టి మరీ మొదటిది కాదు. మొదట్లో వొచ్చినవి రెండు తలుపులవే. 1960ల చివర్లో మార్క్ 3 అని నాలుగు తలుపులది మద్రాసోళ్ళు సొంతంగా చేశారు, ఇంగ్లాండులో హెరాల్డ్‌కి నాలుగు తలుపులు ఎప్పుడూ లేవు. ఇంగ్లాండోడు ఎవడైనా చూస్తే వాడే బుర్ర గోక్కుంటాడు.

అయితే ఒక్క అనుమానం తీరాలి. 1972లో అదే ఇంజిన్‌తో గజెల్ అని ఇంకోటి వొచ్చింది, 1977 దాకా చేశారు, అదీ నాలుగు తలుపులే, చాలా కొద్దిగా అమ్ముడైంది. దగ్గరికెళ్ళే వీలుంటే బండి వెనక కూర్చుని కిందకి చూడు. ఒకటే పెద్ద కమాన్ కట్ట అడ్డంగా ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఉంటే, మధ్యలో డిఫరెన్షియల్, అంటే రెండు వెనక చక్రాలకీ శక్తి పంచీ గుండు, చాసీకి బోల్టులతో కదలకుండా ఉంటే, హెరాల్డ్. అలా కాకుండా లారీకి ఉన్నట్టు ఒకే గొట్టం యాక్సిల్ అటూ ఇటూ ఉంటే గజెల్ అనుకో.

ఉప్పుగాలి:

ఏపీవీ నంబర్ అంటే 1989కి ముందు మన జిల్లాలోనే రిజిస్టర్ అయ్యింది, చివరి వీ విశాఖదే. తర్వాత వచ్చినవి ఏపీ 31, 2019 నుంచి రాష్ట్రం అంతా కలిపి ఏపీ 39 వచ్చింది. అంటే ఆ బండి కనీసం ముప్ఫై అయిదేళ్ళ నుంచి సముద్రం గాలి తింటోంది, అది కూడా మహారాణిపేటలో, బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో. నేను ఆశ తగ్గించుకోమంటాను.

మన ఊళ్ళో పైకి కనపడే తుప్పు గురించి నాకు భయం లేదు, కనపడనిదే చంపేస్తుంది. హెరాల్డ్‌లో చాసీ నుంచి పక్కలకి చేతుల్లా వచ్చే ముక్కలు ఉంటాయి, బాడీ కూర్చునేది వాటిమీదే, అవి లోపల బోలు, నీళ్ళు చేరితే బయటికి పోయే దారి ఉండదు. పై నుంచి రంగు బాగానే ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. వెనక డిక్కీ కింద చాసీ చివరలు కూడా అంతే. ఇంకోటి, ఒక చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళి తలుపు కింది భాగాల్లో, చక్రాల వంపుల చుట్టూ ఆనించి చూడండి, పట్టుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీయే ఉంది. ఆర్కే బీచ్ నుంచి పాండురంగాపురం, అప్‌లాండ్స్ వైపు ఉన్న బళ్ళకి ఈ పుట్టీ కిలోల లెక్కన ఉంటుంది, గాజువాక లోపలి బళ్ళు కొంచెం నయం కానీ అక్కడ ఫ్యాక్టరీ దుమ్ము వేరే.

టార్పాలిన్ గురించి కూడా ఒక మాట. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే తేమ లోపలే ఉండిపోయి ఇంకా తొందరగా తినేస్తుంది. గాలి ఆడే నీడ చాలు. అది సగం ఎగిరిపోవడమే బండికి మంచిదయ్యింది అంటాను నేను.

సీతమ్మధార సుధ:

వన్‌టౌన్ వీరుడు గారూ, పిన్ పంపమనడం ఆపండి. బాబ్జీ, దయచేసి లొకేషన్ ఎవరికీ ఇవ్వొద్దు, ప్రైవేట్ మెసేజ్‌లో కూడా. ఇప్పటికే కేజీహెచ్ అనీ కలెక్టరాఫీస్ అనీ చాలా చెప్పేశావు. ఇలాంటివి బయటకి పొక్కితే ముందు వచ్చేది కారు మీద ఇష్టం ఉన్నవాళ్ళు కాదు, బ్రోకర్లు. ఇంట్లో ఉండేది చాలాసార్లు ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళు, పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, రోజూ ఎవడో ఒకడు గేటు కొట్టి పాతసామాన్ల రేటు చెప్తుంటే విసిగిపోయి చివరికి తూకానికి ఇచ్చేస్తారు. మా వీధిలో ఒక కాంటెస్సా అలాగే పోయింది, ఇసుజు ఇంజిన్‌ది, నడుస్తున్న బండి!

మా నాన్నగారికి హెరాల్డ్ ఉండేది, రెండు తలుపులది, తెలుపు. నాకు ఇంజిన్ సంగతి తెలీదు కానీ అది తిరిగే తీరు మాత్రం ఇప్పటికీ కళ్ళముందు ఉంది. కురుపాం మార్కెట్ వైపు సందుల్లోకి వెళ్ళి వెనక్కి రావాలంటే అంబాసిడర్ వాళ్ళు ముందుకీ వెనక్కీ ముందుకీ వెనక్కీ కొడుతూ జనాల చేత తిట్లు తింటుంటే, నాన్న స్టీరింగ్ మొత్తం తిప్పేసి ఒక్క విసురులో బండిని వెనక్కి తిప్పేసేవారు, షాపుల వాళ్ళు బయటకొచ్చి చూసేవాళ్ళు. టైర్లు అంతలా మెలికపడేవి. తిప్పాక నాన్న మొహంలో గర్వం ఉండేది చూడండి, మా అమ్మ మాత్రం అటు తిరిగి కూర్చునేది.

అడగొచ్చా అన్నావు కదా, తప్పకుండా అడుగు, కానీ సాయంత్రం పూట, ఒక్కడివే గానీ, వీలైతే మీ నాన్నగారితో గానీ వెళ్ళు. అమ్ముతారా అని మొదలుపెట్టకు. ఈ బండి ఎవరు నడిపేవారండీ అని అడుగు. అంతే, మిగతాది వాళ్ళే చెప్తారు.

పాత స్పానర్:

సుధమ్మా, మీ నాన్నగారు చేసింది గొప్పే గానీ బండిది కూడా గొప్పే. పాతిక అడుగుల వలయంలో తిరిగిపోద్ది అది. ముందు చక్రాలకి అడ్డం ఏటీ లేకుండా డిజైన్ చేసీసారు.

అదే బండికి వెనక వైపు మాత్రం ఒక రోగం ఉంది, అదీ చెప్పీయాలి. యాక్సిల్ ఒకటే కడ్డీ కాకుండా డిఫరెన్షియల్ దగ్గర నుంచి రెండు ముక్కలుగా పైకీ కిందకీ ఊగుతుంది కాబట్టి ఇంటిల్లిపాదీ ఎక్కి డిక్కీలో బియ్యం బస్తా పడీస్తే వెనక చక్రాలు పైన లోపలికి, కింద బయటికి పడిపోతాయి. జాకీ పెట్టి లేపితే దానికి రివర్స్, చక్రాలు కింద లోపలికి ముడుచుకుపోతాయి. అరకు ఘాట్ మలుపులో స్పీడుగా వొచ్చి యాక్సిలరేటర్ ఒక్కసారి వొదిలీసారనుకో, వెనక భాగం లేచి ఆ చక్రం ముడుచుకుని బండి జారిపోయీది. మెకానిక్కులకీ ఇది నచ్చీది కాదు, అందుకే గజెల్‌కి మామూలు యాక్సిల్ పెట్టారు.

శ్రీకాకుళం చిన్నోడు:

టాపిక్ కొంచెం పక్కకి తీసుకెళ్తున్నా, తిట్టకండి. ఎవరైనా ఈ మధ్య అరుదైనవి చూశారా? నేను ఆనందపురం దాటాక ఒక దాబా వెనక ల్యాండ్‌మాస్టర్ చూశాను, టైర్లు లేవు, ఇటుకల మీద నిలబెట్టారు. అందరూ దాన్ని అంబాసిడర్ అనే అంటున్నారు, కాదు అంటే వినట్లేదు. అంబాసిడర్ బానెట్ మీద మధ్యలో పొడుగ్గా గాడులు ఉంటాయి, వెనక మడ్‌గార్డు చివర చిన్న రెక్కలు ఉంటాయి, దీనికి రెండూ లేవు, అంతా గుండ్రంగానే ఉంది. ల్యాండ్‌మాస్టర్ 1954 నుంచి నాలుగేళ్ళే చేశారు, సైడ్ వాల్వ్ ఇంజిన్, 1476 సీసీ. తర్వాత అంబాసిడర్ 2014 దాకా వచ్చింది కాబట్టి తాతని మనవడి పేరుతో పిలుస్తున్నారు.

ఇంకోటి, డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్న ఊళ్ళో డాల్ఫిన్ కారు ఎవరైనా చూశారా? బెంగళూరు సిపానీ వాళ్ళది, 1982లో వచ్చింది, 848 సీసీ, బాడీ మొత్తం ఫైబర్. ఉప్పుగాలి అన్న చెప్పిన తుప్పుకి అదొక్కటే మందు అనుకుంటా.

ఉప్పుగాలి:

ఫైబర్ బాడీకి తుప్పు పట్టదు తమ్ముడూ, దాని కింద చాసీ ఇనుమే. చాసీ పోయాక బాడీ మాత్రం కొత్తగా మిగిలితే అందులో మొక్కలు పెంచుకోవాలి.

వన్‌టౌన్ వీరుడు:

సరే సరే పిన్ వద్దులే, ఇంత క్లాసు పీకాలా. నేను చూసింది చెప్తాను, గాజువాక ఆటోనగర్‌లో స్టాండర్డ్ 2000 ఒకటి ఉంది, రోవర్ బాడీ, చూడ్డానికి సినిమా విలన్ కారులా ఉంటుంది. 1985లో వచ్చింది కదా, రేటు అప్పట్లో మామూలోళ్ళకి అందేది కాదు అని మా పెదనాన్న అనేవాడు.

పాత స్పానర్:

బాడీ రోవర్‌దే, ఇంజిన్ మాత్రం ఎప్పటిదో వ్యాన్‌గార్డ్ కారుది, 1991 సీసీ. అంత అందమైన బండిలో అంత ముసలి ఇంజిన్ పెట్టీసారు. 1988 కల్లా కంపెనీయే మూత పడింది. హెరాల్డ్ చేసిన చేతులే ఇదీ చేశాయంటే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

ఆర్టీవో రామాయణం:

బాబ్జీ కొంటాడో లేదో గానీ చదివేవాళ్ళకి పనికొస్తుందని కాగితాల సంగతి రాస్తున్నాను. పాత మూడక్షరాల నంబర్లు చాలావరకు ఆన్‌లైన్‌లో కనపడవు, కాబట్టి యాప్‌లో రాలేదంటే దొంగ బండి అని అనుకోవద్దు, అసలు ఆర్సీ పుస్తకం ఇంట్లో ఉందా లేదా అనేదే ముఖ్యం. అది లేకపోతే ధర ఎంత తక్కువైనా రెండడుగులు వెనక్కి వెయ్యండి. ఓనర్ చనిపోయి ఉంటే వారసులందరి సంతకాలు కావాలి, అన్నదమ్ముల్లో ఒకరు అమ్మి ఇంకొకరు కేసు వేసిన బళ్ళు మన దగ్గర కావలసినన్ని.

ఉన్న రిజిస్ట్రేషన్‌నే రెన్యూవల్ చేయించుకుని మామూలుగా నడుపుకోవాలంటే అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కారుకి ఫీజు 5,000 చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటితే 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వేరే.

రెండో దారి వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జులైలో కేంద్రం రూల్ తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన బండి, సొంత వాడకానిది, చాసీ బాడీ ఇంజిన్ పెద్దగా మార్చనిది అయితే వీఏ సిరీస్‌లో నంబర్ ఇస్తారు. 20,000 ఫీజు, పదేళ్ళు చెల్లుతుంది, మళ్ళీ చేయించాలంటే 5,000. చిక్కు ఏంటంటే దాంతో రోజూ రోడ్డెక్కకూడదు. ప్రదర్శన, ర్యాలీ, రిపేరు, పెట్రోలు, అంతవరకే. ఆదివారం భీమిలి దాకా వెళ్ళి జీడిపప్పు ఉప్మా తిని రావాలి అనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు. నా ఉద్దేశంలో నడిపేవాడికి మొదటిదే మేలు, షోకేసులో పెట్టేవాడికి రెండోది.

బీచ్‌రోడ్ బాబ్జీ:

ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. సుధ గారు చెప్పినట్టే నాన్నని తీసుకుని సాయంత్రం వెళ్ళాను. ఒక పెద్దావిడ ఉన్నారు, ఈ బండి ఎవరు నడిపేవారండీ అని అడిగానంతే, కుర్చీలు వేయించారు. వాళ్ళాయన పోర్టులో ఇంజనీరట. ఆవిడ చెప్పినవన్నీ ఇక్కడ రాయను, వాళ్ళింటి విషయాలు.

స్పానర్ గారూ, వెనక కూర్చుని టార్చ్ వేసి చూశాను. కమాన్ కట్ట ఒకటే, అడ్డంగా, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా. డిఫరెన్షియల్ చాసీకి బిగించి ఉంది. ఆవిడ తాళం చెవి కూడా ఇచ్చారు కానీ బానెట్ ఎత్తడానికే ఇద్దరం కష్టపడ్డాం, ఎడమ గడియ పట్టేసింది, కొబ్బరినూనె వేసి నెమ్మదిగా లాగితే వచ్చింది. మొత్తం ముఖం ముందుకి వాలిపోయాక నాన్న ఏమీ మాట్లాడలేదు కాసేపు, తర్వాత ఇది ఫియట్ కాదురా అన్నారు. అయస్కాంతం పట్టుకెళ్ళాను, తలుపులు బాగానే పట్టుకుంటున్నాయి, ఎడమ వైపు కింద జానెడు మేర మాత్రం జారిపోయింది. స్క్రూడ్రైవర్‌తో పొడవడానికి మొహమాటం వేసింది, ఆవిడ పక్కనే ఉన్నారు.

ఆర్సీ పుస్తకం బీరువాలో ఉందట. అమ్మేది లేదు అని ముందే చెప్పేశారు. కానీ ఒకసారి స్టార్ట్ చేసి వినిపించగలవా నాయనా అని అడిగారు. ఎప్పటి నుంచి ఆగిపోయిందంటే హుద్‌హుద్‌కి ముందే అన్నారు, అంటే 2014 కంటే ముందు. బ్యాటరీ తెచ్చి పెట్టేస్తే స్టార్ట్ అవుతుందా?

పాత స్పానర్:

బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టావంటే చూడు, అక్కడికొచ్చి తంతాను.

ముందు ప్లగ్గులు నాలుగూ విప్పు. ఒక్కో సిలిండర్లోకి రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రెండు రోజులు అలా వొదిలీ. తర్వాత ప్లగ్గులు లేకుండానే, గేరు న్యూట్రల్లో పెట్టి, క్రాంకు పుల్లీ నట్టుకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పు. తిరిగితే అదృష్టం. తిరక్కపోతే బలం చూపించకు, మళ్ళీ ఆయిల్ పోసి ఆగు, బలంగా తిప్పితే పట్టీసిన రింగులు విరుగుతాయి.

ఇంజిన్ తిరిగాక పాత ఆయిల్ మొత్తం దించీ. ట్యాంకులో పెట్రోలు ఇప్పటికి వార్నిష్ అయిపోయి ఉంటది, ట్యాంకు విప్పి కడగాల్సిందే. మొదటిసారికి ట్యాంకు జోలికి వెళ్ళకు, చిన్న డబ్బాతో కార్బురేటర్‌కి పెట్రోలు ఇయ్యి. ఇప్పుడు బంకుల్లో వొచ్చీది ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆ పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపు లోపల డయాఫ్రం దానికి తట్టుకోవు, మెత్తబడి చిట్లిపోతాయి, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే ఏటవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇథనాల్‌కి పనికొచ్చే పైపులు వేరే దొరుకుతాయి, అవి వెయ్యి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా స్టార్ట్ చెయ్యొద్దు, ఇది మాత్రం ఖాయం.

క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుపోయి ఉంటది, బ్రేకు సిలిండర్లు జామైపోయి ఉంటాయి, అవి తర్వాత. ఆవిడ అడిగింది శబ్దం వినిపించమని, నడపమని కాదు.

ఒకవేళ ఎప్పుడైనా రోడ్డెక్కించాలనుకుంటే ముందు చక్రాల కింద, స్టీరింగ్ తిరిగీ చోట, ఇత్తడి ముక్క ఒకటి ఉంటది, ట్రూనియన్ అంటారు. అందరూ దానికి గ్రీజు కొట్టీస్తారు. గ్రీజు కాదు, 90 నంబర్ గేర్ ఆయిల్ వెయ్యాలి. లోపల మర ఉంటది, గ్రీజు గట్టిపడిపోయి అక్కడికి చేరదు, నీళ్ళు చేరతాయి, లోపల తుప్పు పట్టి ఒకరోజు ఆ ఇనప కాడ విరిగి చక్రం పక్కకి పడిపోద్ది. మన ఊరి గాల్లో అయితే అది విప్పి చూడకుండా గేటు దాటించొద్దు.

ఉప్పుగాలి:

పార్టుల గురించి దిగులు పడకు బాబ్జీ. ఇంగ్లాండులో స్పిట్‌ఫైర్, విటెస్ లాంటి ట్రయంఫ్ కార్లన్నీ ఈ కుటుంబమే, వాటిని నడిపేవాళ్ళు ఇంకా బోలెడుమంది ఉన్నారు కాబట్టి ట్రూనియన్లు, గాస్కెట్లు, పంపు కిట్లు అక్కడ ఇప్పటికీ కొత్తవి చేస్తున్నారు. పోస్టు ఖర్చు, కస్టమ్స్ డ్యూటీ మాత్రం గుండె రాయి చేసుకుని కట్టాలి. దొరకనిది ఏంటంటే ఆ వెనక తలుపులు రెండూ, వాటి రబ్బర్లు, అద్దాలు. అవి మద్రాసులో తప్ప ఎక్కడా చెయ్యలేదు. కాబట్టి ఆ వెనక అద్దాలు దింపే హ్యాండిల్ బలవంతంగా తిప్పొద్దు, పగిలితే ఇంతే సంగతులు.

సీతమ్మధార సుధ:

స్టార్ట్ చేసే రోజు నాకూ చెప్పు బాబ్జీ, ఆవిడకి అభ్యంతరం లేకపోతేనే. కారు పక్కన నిలబడి వింటాను, ఏమీ ముట్టుకోను.

బీచ్‌రోడ్ బాబ్జీ:

అడుగుతాను సుధ గారూ. స్పానర్ గారూ, ఆయిల్ పోయడానికి ఆదివారం వెళ్తున్నా, ప్లగ్ స్పానర్ మా దగ్గర ఉన్నది పల్సర్‌ది, అది పట్టదు కదా? మీరు కంచరపాలెం వైపే కదా, వీలైతే మీరే వచ్చేయండి, నేను వచ్చి బండి మీద తీసుకెళ్తాను.

పాత స్పానర్:

పట్టదు. నా దగ్గర ఉంది. పొద్దున్నే రా, ఎండెక్కాక నేను రాను.